చెల్లెకు అక్షరాలు నేర్పిన ఎండాకాలం

పొద్దున ఏడు కాకముందే కింద గేటు దగ్గర కంపెనీ క్యాబ్ వచ్చి ఆగుతుంది. మా అమ్మాయి శాలిని ఒక చేత్తో టిఫిన్ డబ్బా, ఇంకో చేత్తో మెడలో వేసుకునే కార్డు పట్టుకొని, "అమ్మా, మిన్నుకు ఇడ్లీ గిన్నెల పెట్టిన, ఇయ్యాల చేయించే పేజీలు ఫోన్ల ఉన్నయ్, మర్సిపోకు" అని మెట్ల మీద నుంచే కేకవేసి తుర్కపల్లి ల్యాబుకు వెళ్ళిపోతుంది. అల్లుడు అంతకన్నా ముందే బయలుదేరి ఉంటాడు. ఇక పేట్ బషీరాబాద్‌లోని ఈ మూడో అంతస్తు ఇంట్లో సాయంత్రం దాకా మిగిలేది నేనూ, నాలుగేళ్ళు నిండిన నా మనవరాలు మిన్నూ. ముప్పై ఏళ్ళు శామీర్‌పేట చుట్టుపక్కల సర్కారు బళ్ళలో తెలుగు చెప్పినదాన్ని. రిటైరయ్యాక కాలు మీద కాలు వేసుకొని కూర్చోవచ్చని అందరూ అన్నారు. నాకు కూర్చోవడం చేతకాదు. వంటింట్లోకి వెళ్తాను, ఎందుకు వెళ్ళానో మరిచి బాల్కనీలోకి వస్తాను, హైవే మీద లారీలను కాసేపు చూస్తాను, మళ్ళీ లోపలికి వచ్చి మడిచిన బట్టలనే విప్పి మడుస్తాను.

ఈ వేసవిలో శాలిని ఒక అట్టపెట్టె తెప్పించింది. దాని నిండా చెక్కతో కోసిన తెలుగు అక్షరాలు, ఒక్కోదానికి ఒక్కో రంగు. జూన్‌లో మిన్ను ఎల్‌కేజీకి వెళ్తుంది, ఆ లోపల అక్షరాలు గుర్తుపట్టడం రావాలని బడివాళ్ళు చెప్పారట. ఎట్లా నేర్పించాలో కూడా వాళ్ళే ఫోనుకు పంపిస్తారు. బియ్యం గిన్నెలో అక్షరాలు దాచి వెతికించాలి. పళ్ళెంలో రవ్వ పోసి వేలితో రాయించాలి. ఇంట్లో కనిపించే వస్తువు పేరు చెప్పి మొదట వినిపించే శబ్దం ఏదో అడగాలి. దేనికీ బలవంతం చేయొద్దు, పిల్ల విసుక్కుంటే ఆపేయాలి. అది చదివి నాకు నవ్వు వచ్చింది, వెంటనే కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియదు. వీటిలో సగం నేను పన్నెండేళ్ళ వయసులో, ఎవరూ చెప్పకుండానే చేశాను. ఆ మాట శాలినికి ఎప్పుడూ చెప్పలేదు. బళ్ళో కూడా ఎప్పుడూ పెద్ద తరగతులే అడిగి తీసుకున్నాను. ఒకటో తరగతి చెప్పమంటే గొంతు నొప్పి అనో, పొడి దగ్గు అనో ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకున్నాను. ముప్పై ఏళ్ళలో ఒక్క చిన్నపిల్ల చేత కూడా 'అ' దిద్దించలేదు.

ఏప్రిల్ చివర ఒక రోజు మిన్ను బియ్యంలో చెయ్యి పెట్టి 'ప' పైకి తీసింది. "ఏందిది, చెప్పు బంగారం" అన్నాను. పిల్ల దాన్ని ముక్కు దాకా తెచ్చుకొని, కళ్ళు చిట్లించి, "వ" అంది. ఇంకోటి తీసింది, అదీ 'ప'నే. దాన్నీ మొహం దగ్గరికి తెచ్చుకొని "మ" అంది. పిల్లలందరూ ఆ మూడింటితో తికమక పడతారని నాకు తెలుసు. కానీ ఆ మొహం దగ్గరికి తేవడం చూడగానే నేను ఆగలేకపోయాను. పిల్ల చేతిలోంచి అక్షరం లాక్కొని, దూరంగా నిలబడి చూపించి, "ఇప్పుడు కనవడ్తాందా? గిది కనవడ్తాందా?" అని అరిచాను. మిన్ను బెదిరిపోయి నోరు తెరిచి చూసింది, ఆ తరువాత ఏడుపు మొదలుపెట్టింది. ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు. సాయంత్రం శాలిని వచ్చేదాకా నేను ఆ గదికీ ఈ గదికీ తిరుగుతూనే ఉన్నాను. తిరుగుతున్నది ఇక్కడే గానీ, నా మనసు మా కౌకూర్ ఇంటి వెనక బావి దగ్గరికి వెళ్ళిపోయింది.

అప్పటి కౌకూర్ అంటే బండరాళ్ళు, సీతాఫలం పొదలు, మిలిటరీ వాళ్ళ ముళ్ళకంచె, ఆ కంచెను ఆనుకొని మా వాళ్ళవి ఇరవై ఇళ్ళు, ఒక చిన్న చర్చి. మాది రెండు గదుల పెంకుటిల్లు. నాయిన ఆఫీసర్ల మెస్సులో వంట చేసేవాడు. ఇంటికి వస్తుంటే ముందు ఉల్లిగడ్డ, డాల్డా వాసన వచ్చేది, ఆ వెనక మనిషి వచ్చేవాడు. మెస్సులో మిగిలిన పూరీపిండిని తడిగుడ్డలో చుట్టి తెచ్చేవాడు. అమ్మ బొల్లారంలో ఒక మేజరు ఇంట్లో ఆయా. పొద్దున చీకటితో లేచి, పొయ్యి అంటించి, జొన్నరొట్టెలు చేసి, నా జడ అల్లి నడుచుకుంటూ వెళ్ళిపోయేది. నాయిన తల్లి, మా అవ్వ, మోకాళ్ళు పట్టేసి గడపలోనే కూర్చొని ఉండేది. ముక్కుపొడుం డబ్బీ కొంగున కట్టుకొనేది. దేవునితో ఆమె మాట్లాడే తీరే వేరు. గోడ వైపు తిరిగి, "ప్రభువా, ఇంటున్నవా లేదా? నిన్న చెప్పిన ముచ్చటనే మళ్ళ చెప్తున్న" అని మొదలుపెట్టి, కోడలి మీద, మోకాళ్ళ మీద, వాన మీద అన్ని ఫిర్యాదులూ వరసగా చెప్పేది. శనివారం సాయంత్రం ఇత్తడి చెంబులో నిప్పులు వేసి మా తెల్ల గౌన్లు ఇస్త్రీ చేసేది అమ్మ. కాలిన బట్ట వాసన, పొడుం వాసన, పిండి పులిసిన వాసన, ఈ మూడూ కలిస్తే మా ఇల్లు.

నాకూ, మా చెల్లె కరుణకూ ఏడేళ్ళు తేడా. మధ్యలో పుట్టిన ఇద్దరు మిగలలేదు. కరుణ పొడుగుగా, సన్నగా ఉండేది, ఎప్పుడూ ఏదో ఒకదానికి తట్టుకొని పడేది. కాళ్ళ నిండా గాయాలే. "కండ్లు నెత్తిమీద పెట్టుకొని నడుస్తది" అని అవ్వ తిట్టేది. ఇంటి వెనక బావి ఉంది, దానికి చుట్టూ ఒర కట్టలేదు. అందుకే ఆ పిల్లను ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలడానికి లేదు. నేను బడికి పోయినప్పుడు అవ్వ చూసుకొనేది. కానీ నేను ఆరో తరగతి పాసైన ఆ ఎండాకాలం అవ్వ పడిపోయింది. ఇక లేచి ఉరికే శక్తి ఆమెకు లేదు. ఒక రోజు అమ్మ నా తల దువ్వుతూ, నా మొహం చూడకుండా చెప్పింది. "కరుణను ఈ యేడు బడిల తీస్కుంటే నువ్వు బడికి పో బిడ్డా. తీస్కోకుంటె ఒక ఏడాది ఆగు. ఏం జేద్దాం, బావి ఉన్నది గద."

ఒక ఏడాది ఆగడం అంటే ఏమిటో నాకు తెలుసు. మా పక్కింటి సలోమి అక్క కూడా తమ్ముణ్ణి చూసుకోవడానికి ఒక ఏడాదే ఆగింది. ఆ ఏడాది తిరగకముందే ఆమెకు పెళ్ళయింది. నేను చదివే బళ్ళోనే ఒకటో తరగతి ఉంది, కానీ పిల్లలు ఎక్కువై, అక్షరాలు వచ్చినవాళ్ళనే తీసుకుంటామని పెద్ద టీచరమ్మ చెప్పింది. అంటే రెండు నెలల్లో నేను కరుణకు అక్షరాలన్నీ నేర్పాలి. నేర్పితే ఇద్దరమూ బడికి. నేర్పకపోతే ఇద్దరమూ బావి గట్టున. ఆ వయసులో నాకు బడి అంటే ఎంత ఆకలో చెప్పలేను. కొత్త పుస్తకం వాసన కోసం సెలవుల్లో కూడా పాత పుస్తకం తెరిచి ముక్కు దగ్గర పెట్టుకొనేదాన్ని.

అవ్వ గడపలో, మేమిద్దరం గోడ నీడలో. నేను పలక మీద 'అ' రాసి, ఎదురుగా పట్టుకొని, "ఏందిది?" అనేదాన్ని. కరుణ మొహం ముందుకు పెట్టి, ఇంకా ముందుకు వచ్చి, పలకకు ముక్కు ఆనించేది. ముక్కు కొస తెల్లగా అయ్యేది. ఆడుతోందనుకొన్నాను. "మొకం లేపు, సక్కగ కూసో" అని వెనక్కి నెట్టేదాన్ని. వెనక్కి వెళ్ళగానే ఆమె నోటికి ఏది వస్తే అది చెప్పేది. 'అ' ను 'ఆ' అనేది, 'ఇ' ని 'ఉ' అనేది, కాసేపయ్యాక "నాకు దూప అయితాంది" అని నీళ్ళకు లేచేది. వారం అయింది, పది రోజులయింది. చింత బరిగె తెచ్చుకొన్నాను. మొదటి దెబ్బ భయపెట్టడానికే వేశాను. తరువాతివి నిజంగానే వేశాను. వేళ్ళ కణుపులు వాచిపోయేవి. కరుణ గట్టిగా ఏడ్చేది కాదు, ఆ చేతిని చంకలో దాచుకొని మెల్లగా అనేది. "నన్నెందుకు కొడ్తవ్ అక్కా? నువ్వే మంచిగ రాస్తలేవు. అంతా పొగ పొగ రాస్తున్నవ్."

ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు. నా రాత గుండ్రంగా ఉంటుందని బళ్ళో పేరు. నన్ను వెక్కిరిస్తోందని ఇంకో దెబ్బ వేశాను.

ఒక మధ్యాహ్నం నాయిన తెచ్చిన పూరీపిండి ఉంది. అమ్మ వచ్చేలోపల పూరీలు ఒత్తుదామని కూర్చున్నాను. కరుణ వచ్చి ఒక ముద్ద గిల్లుకొంది. నేను చిరాకుగా ఆ ముద్ద లాక్కొని, తాడులా పాముతూ ఎందుకో ఏమో పళ్ళెంలో 'అ' ఆకారం పెట్టాను. కరుణ దాని మీద వేళ్ళు పెట్టి, చుట్టూ తడిమి, నా వైపు చూడకుండానే, "అ" అంది. ఇంకోటి చేశాను. తడిమి "ఇ" అంది. అట్లా పది చేశాను. ఎనిమిది సరిగ్గా చెప్పింది. పలక తెచ్చి అవే రాసి చూపించాను. "ఎర్కలేదు" అంది. పలకను ఆమె ముక్కు దాకా తెచ్చాను. "గిది అ. గిది ఇ" అని గబగబా చదివింది. మెల్లగా వెనక్కి జరిపాను. జానెడు దూరం దాకా చదివింది. మూరెడు దూరంలో పెట్టి "ఇప్పుడేమున్నది?" అన్నాను. పలక వైపే చూస్తూ, "ఏం లేదు. తుడిసినవ్ గద" అంది.

పలక మీద 'అ' ఉంది. అంత పెద్దది. పిల్లకు అక్షరాలు రాక కాదు, కనిపించక. అది నాకు ఆ నిమిషంలోనే, పూర్తిగా, స్పష్టంగా అర్థమైంది. చిన్నదాన్ని, తెలియలేదు అని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకోవాలని చూశాను. అది అబద్ధం. తెలిసింది. ఆ వెంటనే రెండో సంగతి కూడా తెలిసింది. కండ్లు కనిపించని పిల్లను బళ్ళో చేర్చుకోరు. ఆస్పత్రులకు తిప్పుతారు, ఇంట్లో ఉంచుతారు, ఆమెను చూసుకోవడానికి నేను ఉండాలి. ఒక ఏడాది కాదు, ఎప్పటికీ.

సాయంత్రం అమ్మ వచ్చి, కాళ్ళు కడుక్కొని, "ఎట్ల సదువుతాంది మన కరుణమ్మ?" అని అడిగింది. నేను పూరీలు ఒత్తుతున్నాను. తల ఎత్తకుండానే, "మంచిగనే సదువుతాంది అమ్మా" అన్నాను.

ఆ రోజు నుంచి దెబ్బలు ఆగిపోయాయి. నేను అంత మంచి టీచర్‌గా తరువాత ఎప్పుడూ లేను. పిండితో అక్షరాలు చేసి తడిమించాను. వాకిట్లో ఇసుక పోసి ఆమె వేలు పట్టుకొని పెద్ద పెద్దగా దిద్దించాను. చింతగింజలు పేర్చి 'క' చేయించాను, ఒక్కో గింజ తీసేసి ఏది తగ్గిందో వేళ్ళతో చెప్పమన్నాను. శబ్దాలతో ఆటలు ఆడించాను. "అవ్వలో ముందు ఏమొస్తది?" అంటే "అ" అనేది, "మరి పొడుంల?" అంటే నవ్వి "పొ" అని తుమ్మేది. కరుణ తెలివైన పిల్ల, నెల తిరగకుండా అన్నీ వచ్చేశాయి. కానీ బళ్ళో పిండి ముద్దలతో అడగరని నాకు తెలుసు. పెద్ద టీచరమ్మ గదిలో గోడకు అక్షరాల పటం ఉంటుంది, బెత్తంతో చూపించి అడుగుతుంది. ఆ పటంలో ఏ వరసలో ఏ అక్షరం ఉంటుందో నాకు కంఠతా వచ్చు. నేల మీద గడులు గీసి, ఆ వరసలన్నీ కరుణ చేత పాటలా చెప్పించాను. బెత్తం చప్పుడయితే ఒక అక్షరం, మళ్ళీ చప్పుడయితే తరువాతది. "అక్కా, గదంత నాకు కనవడదు గద" అంది ఒకసారి. "గా ముచ్చట టీచరమ్మకు, ఇంట్ల ఎవ్వలకు చెప్పకు. చెప్తే మనిద్దర్ని బడిలకెల్లి ఎల్లగొడ్తరు" అన్నాను. ఆమె పెద్దరికంగా తల ఊపింది. అయిదేళ్ళు కూడా నిండలేదు అప్పటికి.

పెద్ద టీచరమ్మ అక్షరాలు అడిగే రోజు అమ్మ మేజరు ఇంట్లో సెలవు అడిగి మాతో బడికి వచ్చింది. బెత్తం టక్కుమంది, కరుణ "అ" అంది. టక్కు, "ఆ". ఒక్కటి తప్పకుండా చివరి దాకా చెప్పింది. అమ్మ కండ్లలో నీళ్ళు. అప్పుడు టీచరమ్మ నవ్వి, బెత్తాన్ని పటం మధ్యలో ఎక్కడో పెట్టి, "మరి ఇది?" అంది. కరుణ కదలకుండా నిలబడింది. ఆ గదిలో ఫ్యాను చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. నేను వెనక నుంచి, "సిగ్గు టీచర్, కొత్తోళ్ళ ముంగట మాట్లాడది" అన్నాను. టీచరమ్మ నా వైపు చూసింది. నేను ఆమెకు ఇష్టమైన విద్యార్థిని. "హుషారు పిల్లే" అని పేరు రాసుకొంది.

నేను ఏడో తరగతికి పోయాను. కరుణ ఒకటో తరగతికి పోయింది. పొడుగు పిల్ల కాబట్టి చివరి బెంచీలో కూర్చోబెట్టారు. బోర్డు మీద రాసింది చూసి రాయమంటే పక్క పిల్ల పలకలోకి వంగేది, దొంగచూపు అని దెబ్బలు పడేవి. కొన్నాళ్ళకు పక్క పిల్లలు కూడా చేయి అడ్డం పెట్టుకోవడం నేర్చుకొన్నారు. మొద్దు కరుణ అని పేరు పడింది. మా తరగతి గది కిటికీలోంచి వాళ్ళ వరండా కనిపించేది. బెంచీ మీద నిలబెట్టిన నా చెల్లెను చాలాసార్లు చూశాను. చూసి మళ్ళీ పుస్తకంలోకి తల దించుకొనేదాన్ని. ఇవాళ చెప్తా, ఈ ఆదివారం చెప్తా అనుకొంటూ రెండేళ్ళు గడిపాను. ఆలస్యమైన కొద్దీ చెప్పడం కష్టమైంది, ఎందుకంటే అప్పుడు రెండు తప్పులు చెప్పుకోవాలి, దాచింది ఒకటి, ఇన్నాళ్ళు దాచింది ఇంకొకటి. ఇంట్లో కూడా కరుణ ఎవరితోనూ అనలేదు. నేను అనొద్దన్నాను కదా.

కరుణ మూడో తరగతిలో ఉండగా బడికి కండ్ల పరీక్ష చేసేవాళ్ళు వచ్చారు. గోడకు అట్ట తగిలించి, ఒక్కో కన్ను మూసి చదివించారు. ఆ సాయంత్రం చీటీ వచ్చింది. అమ్మ కరుణను తీసుకొని పట్నం పెద్దాసుపత్రికి పోయింది, నేనూ వెంట పోయాను. కుడి కన్ను అద్దాలతో సరి అవుతుంది అన్నాడు డాక్టరు. ఎడమ కన్ను చూడటం మానుకొంది, ఇక దానికి అద్దాలు పెట్టినా లాభం తక్కువ. "బడిలో వేసేటప్పుడే తెచ్చి ఉంటే బాగయ్యేదమ్మా. ఇంట్లో ఎవరూ గమనించలేదా?" అన్నాడు. అమ్మ అక్కడే, ఆ మందుల వాసన మధ్య, తల కొట్టుకొంది. "నేనేం తల్లిని సారూ, ఊరోళ్ళ పిల్లల్ని సూస్కుంట నా పిల్లను సూడకపోతి" అంది. నేను ఆమె పక్కనే నిలబడి ఉన్నాను.

కరుణ పది పాసయ్యింది, నర్సు కావాలని కోరిక. అన్నిట్లో నెగ్గి చివర కంటి పరీక్షలో ఆగిపోయింది. మేడ్చల్‌లో ఆడపిల్లల హాస్టలు వార్డెన్‌గా చేసి రిటైరయ్యింది. పెళ్ళి చేసుకోలేదు. అక్కడే చిన్న ఇంట్లో ఉంటుంది, నెలకు ఒక ఆదివారం చర్చి అయ్యాక మా ఇంటికి వస్తుంది. అవతలి మనిషిని చూడటానికి తల కాస్త ఎడమకు తిప్పుతుంది. ఆ తిప్పడం చూసినప్పుడల్లా నేను లేచి ఏదో పని కల్పించుకొంటాను.

మిన్నును భయపెట్టిన మర్నాడే శాలిని చేత సెలవు పెట్టించి కంటి డాక్టరు దగ్గరికి తీసుకొనిపోయాను. గంటసేపు బొమ్మలు చూపించి, చుక్కలు వేసి చూశారు. "కండ్లు చాలా బాగున్నాయి. అక్షరాలు కలగలిపితే భయపడకండి, నాలుగేళ్ళ పిల్లకు అది మామూలే" అంది ఆ డాక్టరు. శాలిని ఊపిరి పీల్చుకొంది. ఇంతే కదా అప్పుడు నేను చేయాల్సింది. ఒక పొద్దు సెలవు పెట్టి తీసుకెళ్ళడం, ఒక మాట చెప్పడం. ఈ కాలంలో అన్నీ ఉన్నాయి, ఆ కాలంలో ఏమీ లేవు అని సరిపెట్టుకోవడానికి నాకు వీలు లేదు. ఆ కాలంలో కూడా ఆ ఒక్క మాట నా దగ్గర ఉంది.

తరువాతి ఆదివారం కరుణ వచ్చింది. శాలిని, అల్లుడు, మిన్ను ముగ్గురూ ఎవరి ఇంటికో పుట్టినరోజుకు పోయారు. తెల్ల చీర, మందపాటి అద్దాలు, సంచిలో మిన్ను కోసం జామకాయలు. సోఫాలో కూర్చొని కాసేపు నన్నే చూసింది.

"ఏంది అక్కా, కూసుంట లేస్తున్నవ్, కూసుంట లేస్తున్నవ్? పరేషాన్ల ఉన్నవా?"

"కరుణా, నీకు కనవడ్తలేదని నాకు ఎర్కుండె" అన్నాను. ఎట్లా మొదలుపెట్టాలో ఎన్నో రోజులు ఆలోచించాను, చివరికి అట్లా వచ్చింది.

"ఎప్పుడు?"

"నువ్వు బడిల చేరకముందు. ఎండాకాలంల. పూరీపిండితోని అక్షరాలు చేసిన చూడు, ఆ దినమే ఎర్కయింది. అమ్మకు చెప్పలే. చెప్తే నా బడి పోతదని చెప్పలే. నీతోని అబద్ధం ఆడిపిచ్చిన."

ఆమె అద్దాలు తీసి ఒడిలో పెట్టుకొంది. అద్దాలు లేకుండా ఆమె మొహం ఆ అయిదేళ్ళ పిల్ల మొహమే. దెబ్బలు తిన్నది ఆమెకు గుర్తుందో లేదో, 'నీకేం గుర్తుంది' అని అడగబోయి ఆగాను.

"నేను గదంత ఆట అనుకున్న" అంది చివరికి. "చిన్నగున్నప్పటి ముచ్చట, సగం యాదికి లేదు. నాకు యాదికున్నది ఒక్కటే. అమ్మ సచ్చేదాంక నా తప్పే బిడ్డా, నేనే సూడలే అని ఏడ్చింది. నేను గూడ అమ్మదే తప్పనుకున్న. నర్సు పరీక్షల తీసేసిన నాడు మొకం మీదనే అన్న. నువ్వేం తల్లివి అన్న. నువ్వు ఆడనే ఉన్నవ్ అక్కా. బియ్యం ఏర్తున్నవ్."

అవును, అక్కడే ఉన్నాను. బియ్యం ఏరుతూనే ఉన్నాను.

కరుణ అద్దాలు పెట్టుకొని లేచింది. "అన్నం తిని పో" అన్నాను, ఇంకేం అనాలో తెలియక. తినలేదు. లిఫ్టు కోసం కూడా ఆగకుండా, గోడ పట్టుకొని ఒక్కో మెట్టు చూసుకొంటూ దిగిపోయింది.

ఆ తరువాత నేను చేసిన ఫోన్లు ఎత్తలేదు. నాలుగో రోజు సాయంత్రం మిన్నును శాలినికి అప్పగించి మేడ్చల్ బస్సెక్కాను. తలుపు సగం తీసి, "ఇప్పుడు వద్దక్కా, పో" అంది. తిట్టి ఉంటే బాగుండేది. బస్టాపులో మూడు బస్సులు వదిలేసి నిలబడ్డాను, మళ్ళీ ఆమె గల్లీ మూల దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. ఇంట్లో మిన్ను తన పని తాను చేసుకొంటూనే ఉంది. రవ్వలో గీతలు గీసేది, అక్షరాలను బొమ్మలకు అన్నం తినిపించే గిన్నెలు చేసేది. నేను ఏదీ అడగడం మానేశాను. ఒక పొద్దున ఫ్రిజ్ తలుపు తీసి పాల ప్యాకెట్ మీద వేలు పెట్టి, "అమ్మమ్మా, గిది ప" అని చెప్పి వెళ్ళిపోయింది, అదేమీ గొప్ప సంగతి కానట్టు.

పదహారో రోజు పొద్దున బెల్లు మోగింది. కరుణ. లోపలికి వచ్చి, మిన్ను తల నిమిరి, మంచినీళ్ళు అడిగి తాగింది. బల్ల దగ్గర కుర్చీ లాక్కొని కూర్చొని, నన్ను ఎదురు కుర్చీలో కూర్చోమంది. నేను క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. చెయ్యి ఎత్తి ఆపింది.

"గది వద్దు. అమ్మ లేదు, ఇగ నేనొక్కదాన్ని సై అంటె అయిపోతదా. నేను ఇంకో దానికి వచ్చిన. గా రెండేండ్లు నువ్వు బడికి పొయ్యినవ్ గద? ఏడు, ఎనిమిది."

"పొయ్యిన."

"నేను బెంచి మీద నిలవడ్డప్పుడు నువ్వు లోపట ఏం సదివినవ్? చెప్పు. మొత్తం చెప్పు. నా కన్ను పెట్టి సదివిన సదువు గది. అండ్ల ఏమున్నదో నేను ఇనాలె."

ఆమె తల ఎడమకు తిప్పి నన్నే చూస్తూ కూర్చొంది, తొందరపెట్టలేదు. మెల్లగా మొదలుపెట్టాను. ఏడో తరగతి మొదటి రోజు సైన్సు టీచరు చిక్కుడు గింజను తడిగుడ్డలో పెట్టి అల్మారాలో దాచిందనీ, నాలుగో రోజు దానికి తెల్లటి తోక వచ్చిందనీ చెప్పాను. గోదావరి ఎక్కడ పుట్టి ఎన్ని నదులను కలుపుకొంటుందో చెప్పాను. భూమి నీడ చందమామ మీద పడితే గ్రహణం అని టీచరు నారింజకాయ, గోలీ పెట్టి చూపించిన తీరు చెప్పాను. "గోలీ దేనికి?" అంది, మళ్ళీ చెప్పాను. పద్యాలు నాలుగు గుర్తొచ్చాయి, అర్థంతో సహా చెప్పాను. లెక్కల్లో నాకు రానివి కూడా దాచకుండా చెప్పాను. మధ్యలో మిన్ను వచ్చి ఆమె ఒడిలో ఎక్కి కూర్చొని, తానూ వింది. కరుణ మధ్య మధ్య "మల్ల?" అనేది, అంతే.

చెప్పేది అయిపోయేసరికి ఎండ బాల్కనీ దాటింది. నా గొంతు బొంగురుపోయింది.

"గంతేనా?" అంది.

"ఏడో తరగతి గంతే. నాకు యాదికున్నది గంతే."

కరుణ మిన్నును దించి, సంచి భుజాన వేసుకొని, తలుపు దాకా వెళ్ళి ఆగింది.

"రేపొస్త," అంది. "ఎనిమిది చెప్పు."